నైరుతి మూలన క్రిస్మస్ చెట్టు

కౌన్సిల్‌లో ట్రీ ఆఫీసర్లుగా చేరబోతున్నామంటూ ఈమధ్య ఇద్దరు తెలుగు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరికీ చెట్లంటే ప్రాణమట. కాఫీ ఇచ్చి, ఆ ప్రాణాన్ని కాస్త జాగ్రత్తగా దాచుకోమన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వారు. ఆ పూట వాళ్ల ముఖాలు చూసి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

నాది మదనపల్లె వైపు. వ్యవసాయ కళాశాలలో చదివి, పెళ్లయి ఈ దేశం వచ్చి, ఇక్కడ చెట్ల సంరక్షణలో మళ్లీ చదువుకుని, లండన్ శివార్లలో ఒక కౌన్సిల్లో, అంటే మన మునిసిపాలిటీ లాంటిదాంట్లో, చేరాను. 2008లో రిటైరయ్యాను. కౌన్సిల్ పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్కచోటే ఇలా జరిగిందని మిగతావాళ్లు చేతులు దులుపుకుంటారు.

చేసే పని

ట్రీ ఆఫీసర్ అంటే రోజంతా చెట్ల మధ్య తిరుగుతారని అనుకోకండి. రోజంతా ఫోన్ దగ్గర ఉంటారు. ఆకులు ఇంటి చూరు గట్టర్లో పడుతున్నాయని ఒకరు, కారు మీద బంక కారుతోందని ఒకరు, టీవీ డిష్‌కి కొమ్మ అడ్డొస్తోందని మరొకరు. మన చెట్టు బాగుందని చెప్పడానికి ఫోన్ చేసినవాళ్లు నా సర్వీసులో నాకు గుర్తులేరు. మనవాళ్ల ఫిర్యాదులు ఇంకో రకం. సింహద్వారానికి ఎదురుగా వీధి చెట్టు ఉంటే ఇంటికి దోషమని, కొట్టేయించమని ఇల్ఫర్డ్ నుంచి ఎవరెవరో నా నంబరు పట్టుకుని అడిగేవాళ్లు. తెలుగామె కాబట్టి అర్థం చేసుకుంటుందని వాళ్ల ధీమా. అర్థమయ్యేది. అందుకే కుదరదనేదాన్ని. ఆ తర్వాత పెళ్లిళ్లలో వాళ్లు నన్ను చూసి తల తిప్పుకునేవాళ్లు.

ఇవన్నీ చిన్నవి. మీకు చెప్పాల్సింది ఒక్క బీచ్ చెట్టు సంగతి. సముద్రం బీచ్ కాదు, ఈ దేశంలో పెరిగే ఒక మహావృక్షం పేరు.

మా ఆఫీసున్న టౌన్‌హాలు ముందు ఒక పచ్చిక మైదానం ఉండేది. దానికి ఈశాన్యం మూల రాళ్లు పరిచిన జాగా. నైరుతి మూల రాగిరంగు ఆకుల బీచ్. ఏనుగు కాలులాంటి నున్నని మాను. వసంతంలో కొత్త ఆకు వేసినప్పుడు బస్సులో వెళ్లేవాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఎవరితోనూ మాట్లాడే ధైర్యం లేక, నా లంచ్ డబ్బా దాని కిందే తెరిచాను. ఆ తర్వాత అది అలవాటైంది. ఆ చెట్టు నాకంటే ముందు పుట్టింది, నా తర్వాతా ఉంటుందన్నది నాకు గొప్ప నిశ్చింత. ఈ ఉద్యోగంలో నేను దేన్నయినా నిజంగా కాపాడాలనుకున్నానంటే దాన్నే.

మన పేరు ఎక్కడ

తొంభైల చివర్లో కంప్యూటర్ ఉద్యోగాల మీద మనవాళ్లు బాగా వచ్చారు. ఇల్ఫర్డ్, ఈస్ట్ హామ్ చుట్టుపక్కల ఒక తెలుగు సంఘం పుట్టింది. దాని అధ్యక్షుడు సుధాకర్. తెనాలి అబ్బాయి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. దూరాన స్విండన్‌లో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఉద్యోగం, ఇల్ఫర్డ్‌లో ఇల్లు. వారాంతాల్లో సంఘం తప్ప ఇంకో ధ్యాస లేదు.

మిలీనియం ఏడాది ఆయన నా ఆఫీసుకే వచ్చాడు.

"గుజరాతీ వాళ్లు పార్కులో బెంచీలన్నీ వేయించారండి ఆంటీ. పంజాబీ వాళ్లు లైబ్రరీకి గడియారం ఇచ్చారు. మన పేరు ఎక్కడుంది చెప్పండి? టౌన్‌హాలు ముందు క్రిస్మస్ చెట్టు మనం ఇద్దాం. మామూలుది కాదండి, స్కాట్లాండ్ నుంచి తెప్పించేది. మూడంతస్తులు ఉండాలి."

"క్రిస్మస్ చెట్టు మనమెందుకు ఇచ్చేది నాయనా?"

"అందుకేనండి ఇవ్వాలి. వాళ్ల పండక్కి మనం ఇచ్చామంటే ఇంక మనల్ని బయటివాళ్లనడానికి నోరు రాదు."

ఊళ్లో గుడికి ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా తాత పేరు రాయించే మన బుద్ధి ఇక్కడికీ వచ్చిందని నాకు నవ్వొచ్చింది. కానీ సుధాకర్‌ని తీసిపారేయలేను. ఎందుకో ఆయనే చెప్పాడు.

"వచ్చిన కొత్తలో మా లెటర్‌బాక్సులో చెత్త వేసేవారండి ఆంటీ. మా ఆవిడ పొద్దున్నే లేచి, నేను చూడకుండా కడిగేది. అదే ఊళ్లో మేయర్ పక్కన నిలబడి చెట్టు దీపాల స్విచ్ వేయాలని ఉందండి. తప్పా?"

తప్పని నేను అనలేదు. ఇప్పటికీ అనను. అయితే దానికి వేరే దారి చెప్పాను.

"పెద్ద చెట్టే కావాలంటే ఆ బీచ్ ఉండాది కదబ్బా. ఆకు రాలిపోయి ఖాళీ కొమ్మలు ఉంటాయి. వాటికి దీపాలు కడదాం. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు."

"అది ముందే ఉంది కదండీ. మనం ఇచ్చినట్టు ఎలా అవుతుంది?"

"అయితే వేళ్లున్న మొక్క ఇయ్యండి. ఏటేటా పెరుగుతాది. మీ పిల్లలు పెద్దయినాక చూపిచ్చుకుంటారు."

"మొక్క పక్కన నిలబడితే ఫొటోలో ఏం పడుతుందండీ?"



ఆకుపచ్చ రంగు

దానం వచ్చిన ఆవుకు పళ్లు ఎంచకూడదంటారు. కౌన్సిల్ అస్సలు ఎంచలేదు. పార్కుల విభాగానికి పెద్ద అయిన మా బాస్ మార్టిన్ పొంగిపోయాడు. మంచి మాటకారి, మంచి టైలు కట్టేవాడు. చెట్ల గురించి ఆయనకు తెలిసిందల్లా అవి పచ్చగా ఉంటాయన్నదే.

అలాంటి బహుమతి ఎలా వస్తుందో చూడండి. కొండవాలులో ఒక మనిషి ఉద్యోగ జీవితమంత కాలం పెరిగిన స్ప్రూస్‌ని, క్రిస్మస్ చెట్టంటే అదే, మొదలంటా నరుకుతారు. కొమ్మలు విరగకుండా కట్టగట్టి పొడవాటి లారీ మీద దేశం ఈ చివర నుంచి ఆ చివరకు లాక్కొస్తారు. దించడానికి క్రేన్. మంట అంటుకోకుండా దానికి నిలువెల్లా మందు చల్లుతారు. దీపాలకు జనరేటర్ పెడితే, నెలరోజులు డీజిల్ తాగి బస్టాపులో నిలబడ్డవాళ్ల మీదకు పొగ వదులుతుంది. జనవరిలో కోసి, యంత్రంలో వేసి పొట్టు చేస్తారు. ఆ పొట్టులో మందూ తీగ ముక్కలూ జిగేలు కాగితాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఎరువుకు కూడా పనికిరాదు. చెత్తగుంటలో పోస్తారు. ఒక పండగ ముచ్చటకు ఇంత.

ఇదంతా మీటింగులో చెప్పాను. మార్టిన్ ఓపిగ్గా విని, "అయినా అది చెట్టే కదా సరోజా, ప్లాస్టిక్ కాదు కదా" అన్నాడు. ఆ నెల కౌన్సిల్ పత్రికలో పర్యావరణం పేజీలోనే ఆ చెట్టు ఫొటో వేశారు. పక్కన సుధాకర్, మేయర్.

ఆ మొదటి ఏడు నేను ఒక్కటి సాధించాను. చెట్టును ఈశాన్యం మూల రాళ్ల జాగాలో నిలబెట్టించాను. క్రేన్ రోడ్డు మీదే నిలబడింది, పచ్చిక తొక్కలేదు. మనవాళ్లు స్ప్రూస్ మొదలుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. క్రేన్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు నడపమంటే ఆ డ్రైవరు కాసేపు దిక్కులు చూసి నడిపాడు. నాకూ ముచ్చటేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసమే లేదు.

ఈశాన్యం, నైరుతి

మరుసటి ఏడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కుప్పకూలాయి. చాలామంది కాంట్రాక్టులు పోయాయి, సుధాకర్‌ది కూడా. కొందరు సామాను సర్దుకుని తిరిగి వెళ్లారు. అదే సమయంలో సంఘం రెండుగా చీలింది. ఇద్దరు తెలుగువాళ్లు ఉంటే మూడు సంఘాలు ఉంటాయని జోకు కదా, ఇక్కడ రెంటితో సరిపెట్టుకున్నారు. కోస్తా వాళ్లదొకటి, హైదరాబాద్ వాళ్లదొకటి.

ఇంత కీడు ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి సుధాకర్ టౌన్‌హాలు మైదానం ప్లాను బెజవాడలో ఒక వాస్తు సిద్ధాంతికి పంపాడు. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడట. ఈశాన్యంలో బరువు పెట్టారు, ఇంకేముంటుంది. బరువు నైరుతిలో ఉండాలి.

నైరుతిలో బీచ్ ఉంది.

సుధాకర్ ఈసారి నా దగ్గరికి రాలేదు. నేరుగా మార్టిన్ దగ్గరికి వెళ్లాడు. నాకు తెలిసేసరికి క్రిస్మస్ చెట్టు చోటు బీచ్ పక్కకు మారిపోయింది. నేను మార్టిన్ గదిలోకి వెళ్లి, కుర్చీ చూపిస్తున్నా కూర్చోకుండా చెప్పాను. బీచ్ వేళ్లు లోతుకు పోవు. పైపైనే, కొమ్మల నీడను దాటి పరుచుకుంటాయి. డిసెంబరులో మన నేల తడిసిన బంకమన్ను. దాని మీద క్రేన్ కాళ్లు మోపితే కుమ్మరి తొక్కిన మట్టిలా అవుతుంది. లోపల గాలి ఆడదు, నీళ్లు దిగవు. పైకి ఏమీ కనిపించదు. నాలుగైదేళ్లలో చెట్టు చస్తుంది.

"ఇది సున్నితమైన విషయం సరోజా. దిక్కులు మీ సంస్కృతిలో చాలా ముఖ్యమని వాళ్లు చెబుతున్నారు."

"వేళ్ల మీద క్రేన్ ఎక్కించమని మా సంస్కృతిలో ఎక్కడా లేదు."

"నువ్వు వచ్చి చాలాకాలమైంది కదా. నీకు అంత పట్టింపు లేకపోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు ఉంటుంది. మనం గౌరవించాలి."

చదువుకున్న పనిలో నా మాట నిలవలేదు. పుట్టిన ఊరి విషయంలోనూ నిలవలేదు. ఆ గదిలో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే, తెలుగువాళ్లకు ఏం కావాలో చెప్పే అర్హత మాత్రం నాకు లేకపోయింది. ఆరోజు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. మీకూ ఇలాంటి మార్టిన్ ఒకడు తగులుతాడు. మీ తోలు రంగు చూసి ఉద్యోగం ఇచ్చాననుకుంటాడు, మీ బుర్ర చూసి ఇచ్చానని అనుకోడు.

సుధాకర్ ఇంటికి కూడా వెళ్లాను. పనిలేక ఇంట్లోనే ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. భార్య టీ తెచ్చిచ్చింది.

"నువ్వు ఇంజినీరువి. మెషీన్లతో పనిచేసేవాడివి. చెట్టు యాడ పెడితే కాంట్రాక్టు వస్తాదో నువ్వే చెప్పు."

"నమ్మకం కాదులెండి ఆంటీ. పెట్టి చూస్తే పోయేదేముంది?"

"బీచ్ పోతాది."

"ఒక్కరోజు క్రేన్ నిలబడితే అంత మానుకి ఏమవుతుందండీ? మీరు మరీ భయపడుతున్నారు." తర్వాత తల దించుకుని అన్నాడు. "ఇల్లు అమ్మే పరిస్థితి వచ్చిందండి. ఏదో ఒకటి చేయాలి కదా."

"నైరుతిలో బరువు కావాలంటే బీచ్ బరువు చాలదా? అంతకన్నా బరువు ఈ ఊళ్లో ఇంకోటి లేదు."

"అది మనం పెట్టింది కాదు కదండీ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ డిసెంబరులో క్రేన్ బీచ్ కింద నిలబడింది. నేను గొడవచేసి నేల మీద ఇనుప పలకలు పరిపించాను. దాన్నే నేను గెలుపనుకున్నాను.

వసంతంలో సుధాకర్‌కి కొత్త కాంట్రాక్టు వచ్చింది. ఇక ఆ చెట్టును నైరుతి నుంచి ఎవరు కదిలిస్తారు?

అడుగు ఎక్కువ

తర్వాత జరిగింది మన జాతికి కొత్తేమీ కాదు. ఒక ఏడు కోస్తా సంఘం చెట్టు ఇస్తే, మరుసటి ఏడు హైదరాబాద్ సంఘం ఇచ్చేది. వీళ్లది వాళ్లకంటే ఒక్క అడుగైనా ఎక్కువ ఉండాలి. హైదరాబాద్ సంఘంవాళ్లు ఒక పెద్దాయన్ని నా దగ్గరికి పంపారు. "మేడమ్, వాళ్లది ఎంత ఎత్తుండె? మీకు ఎర్కే ఉంటది గదా. జర చెప్పుండ్రి, ఎవ్వరికీ చెప్పం" అని గుసగుసగా అడిగాడు. చెట్టు పెరిగినకొద్దీ క్రేన్ పెరిగింది. ఎత్తులో పోటీ పడే పెద్దమనుషులకు కింద ఏం నలుగుతుందో కనిపించదు.

ఇనుప పలకలు రెండో ఏడు సగమే వచ్చాయి. ఆ పై ఏడు అసలే రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే, చెట్టుకు ఏమీ కాలేదు కదా అన్నాడు మార్టిన్. పార్కుల పనివాళ్లు అణిగి గట్టిపడిన నేలను గాలిగొట్టంతో గుల్ల చేసి, ఆకు ఎరువు పరిచేవాళ్లు. నేను వేసవి అంతా ఆ పని చేయించేదాన్ని. డిసెంబరులో మళ్లీ అదే చోట క్రేన్ కాళ్లు దిగేవి.

బీచ్ ముందుగా చెప్పలేదు, చెట్లు చెప్పవు. ఒక వసంతంలో ఆకు చిన్నదిగా వచ్చింది. ఇంకో వసంతంలో పైకొమ్మల మధ్య నుంచి ఆకాశం కనిపించింది. ఆపైన ఆగస్టులోనే ఆకులు రాలడం మొదలుపెట్టాయి. చూడ్డానికి ఆకురాలు కాలం ముందుగా వచ్చినట్టు అందంగా ఉండేది. జనం ఫొటోలు తీసుకునేవాళ్లు. నేను లంచ్ డబ్బా అక్కడ తెరవడం మానేశాను. రోగి ముందు కూర్చుని తినబుద్ధి కాలేదు.

మార్టిన్‌ని కిందకు లాక్కెళ్లి చూపించాను. తల పైకెత్తి చాలాసేపు చూసి, "పాపం, ముసలిదైపోయింది" అన్నాడు. బీచ్‌లలో అది నడివయసు చెట్టు.

సంతకం

ఒక శరదృతువులో మాను అడుగున విసనకర్రలంత పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి పూశాయి. వేళ్లు కుళ్లాయని అర్థం. పక్కనే బస్టాపు, బడిపిల్లలు నిలబడే చోటు. గాలివాన వస్తే అంత చెట్టూ వేళ్లతో సహా ఒరుగుతుంది. దాన్ని కొట్టేయాలని రాయాల్సింది ట్రీ ఆఫీసరే. నేనే రాశాను.

అప్పుడు చూడాలి ఊరిని. అన్నేళ్లూ క్రేన్ నిలబడుతుంటే ఒక్కరూ నోరెత్తలేదు. రంపం తేగానే చెట్టు చుట్టూ చేరారు. కొవ్వొత్తులు పెట్టారు, పిల్లలు మానుకు బొమ్మలు అంటించారు. ఒక ముసలామె నా ముఖం మీద వేలు చూపిస్తూ, "మీ దేశంలో చెట్లుండవేమో, మాకు చెట్లంటే ఏమిటో తెలుసు" అంది. నా పేరు కాగితం మీద ఉంది కాబట్టి హంతకురాలిని నేనే. మార్టిన్ ఆరోజు వేరే మీటింగులో ఉన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఆమె మాట నాకు అలాగే తగిలింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆమెను తిట్టుకున్నాను, సుధాకర్‌ని తిట్టుకున్నాను, ఈ ఉద్యోగం నన్ను ఏడిపిస్తుందని, మానుకోమని ఏళ్ల క్రితమే అన్న మా ఆయన మాట నిజమైనందుకు ఆయన్నీ తిట్టాను.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో చెట్టును చంపేవాళ్లు ఒకరు, చచ్చిపోయిందని రాసేవాళ్లు ఇంకొకరు. జనం గుర్తుపెట్టుకునేది రాసినవాళ్లనే.

శాలువా

నేను రిటైరైనప్పుడు రెండు సంఘాలూ మళ్లీ కలిసిపోయి ఉన్నాయి. అధ్యక్షుడు మళ్లీ సుధాకరే. ఈస్ట్ హామ్‌లో ఒక హాలు తీసుకుని నాకు సన్మానం పెట్టారు. రానన్నాను. ఆయన భార్య ఇంటికొచ్చి బతిమాలితే వెళ్లాను. మార్టిన్‌ని కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు.

నాకూ శాలువా కప్పి, దండ వేసి, "వృక్షమిత్ర" అని బిరుదు ఇచ్చారు. జ్ఞాపికగా ఒక గుండ్రటి చెక్క చేతిలో పెట్టారు. బాగా పాలిష్ పట్టారు. లేత గోధుమరంగు, సన్నని గీతలు. ఏ చెక్కో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా సుధాకర్ని అడిగాను.

"మీ బీచేనండి ఆంటీ. కౌన్సిల్ యార్డులో అడిగి, ముక్క తెప్పించి చేయించాం. మీకెంత ఇష్టమో నాకు తెలుసు కదండీ. మీ దగ్గరే ఉండాలని."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. వెటకారం ఇసుమంతైనా లేదు. మైకు అందుకుని సభకు చెప్పాడు.

"బీచ్ పోవడం మనందరికీ బాధే. కానీ సిద్ధాంతి గారు ఒక మాటన్నారండి. నైరుతి మూల ఖాళీగా ఉండకూడదట, ఊరికే అరిష్టమట. కాబట్టి ఈ ఏడాది నుంచి ఇదివరకెప్పుడూ లేనంత పెద్ద క్రిస్మస్ చెట్టు మన సంఘం తరఫున ఇస్తున్నాం. ఇప్పుడు క్రేన్‌కి అడ్డం కూడా లేదు."

హాలంతా చప్పట్లు. తెలుగు రాని మార్టిన్ కూడా కొట్టి, నా వైపు వంగి ఏమన్నాడని అడిగాడు. ఇంకా పెద్ద చెట్టు ఇస్తారట అని చెప్పాను.

"ఎంత మంచి మనుషులు" అన్నాడు.

నిజమే, మంచి మనుషులే. చెడ్డవాళ్లయి ఉంటే ఆ చెట్టును నేను కాపాడుకుని ఉండేదాన్ని.